టేపు, రిజిస్టరు, కడుపుబ్బరం: మూడు నెలల ప్రాజెక్టు డైరీ

జూన్ 15, ఆదివారం

మిషన్ డ్రాయర్‌లోంచి బట్టల టేపు తీసి ఇవ్వాళ నా పొట్టకే పెట్టుకున్న. పొద్దున బాత్రూంకి పోయొచ్చినంక, చాయ్ కూడా తాగకముందు, బొడ్డు మీదుగా 91 సెంటీమీటర్లు. రాత్రి పడుకునేముందు అదే చోట 98. తప్పు కొలిచిన్నేమో అని రెండుసార్లు చూసిన, తప్పు లేదు. ఒక్కరోజులో ఏడు సెంటీమీటర్లు ఉబ్బుతుంది, పొద్దటికల్ల దిగుతుంది, సాయంత్రానికి మళ్ల మొదలు. ఏడాది నుంచి ఇదే నడుస్తుంటే నేనేమో ఇదంతా కొవ్వే అనుకొని రాత్రన్నం మానేసి ఏడ్చుకుంట కూర్చున్న.

నాకు 49. పోయినేడు మే నెలలో ఆఖరిసారి నెలసరి వచ్చింది, పన్నెండు నెలలు దాటింది కాబట్టి డాక్టర్ల లెక్కలో మెనోపాజ్ అయిపోయినట్టే. మల్కాజిగిరిలో ఉంటం, ఒక స్కూల్లో ఫీజు కౌంటర్, అకౌంట్లు నా పని, ఇంటికొచ్చినంక జాకెట్లు కుడత. చీరకట్టుకునేటోళ్లకు ఈ బాధ ముందు లంగా బొందు దగ్గర తెలుస్తది. పొద్దున సరిగ్గ కట్టుకున్న బొందు మధ్యాహ్నం మూడింటికి నడుములోకి దిగబడతది, కౌంటర్ కింద చెయ్యి పెట్టి ఎవరు చూడకుండ ముడి వదులు చేసుకుంట, ఇంటికొచ్చి చూస్తే ఎర్రగ గీత పడి ఉంటది. రాత్రికి కడుపు డోలు లెక్క, పక్కకు తిరిగితే గుడగుడ.

ఎవరికి చెప్పినా గ్యాసే అంటరు. పోయిన చలికాలం ఒక క్లినిక్‌కు పోతే రెండు నిమిషాల్లో గ్యాస్ గోళీ రాసిచ్చిండ్రు, నెలసరి సంగతి అడగనే లేదు. ఆ గోళీ ఐదు నెలలు పరగడుపున మింగిన. ఛాతిల మంట తగ్గింది గని ఉబ్బరం అట్లనే ఉంది.

అందుకే ప్రాజెక్టు లెక్క పట్టుకుంటున్న. స్కూల్లో పారేస్తున్న పాత రిజిస్టరు ఒకటి తెచ్చుకున్న, గడులు కొట్టిన: పొద్దటి కొలత, రాత్రి కొలత, రెంటికి తేడా, ఏం తిన్న, ఎన్నింటికి తిన్న, మోషన్ అయిందా లేదా, నిద్ర ఎన్ని గంటలు. టేపుకి ఒకవైపు ఇంచులు ఇంకోవైపు సెంటీమీటర్లు ఉంటయి కదా, నేను సెంటీమీటర్లవైపే పట్టుకున్న, చిన్న తేడా కూడా దొరుకుతది. నిలబడాలె, ఊపిరి వదిలినంక కొలవాలె, టేపు బిగించొద్దు. జాకెట్ కొలత తీస్కునేటప్పుడు గిరాకీలకు నేను చెప్పేది ఇదే, ఊపిరి బిగబట్టకమ్మా అని.

జూన్ 19, గురువారం

తిండిలో ఏదన్న మార్చేముందు డాక్టరుకు చూపెట్టుకోవాలె అని మా చెల్లె గట్టిగ పట్టుబట్టింది, లేడీ డాక్టర్ దగ్గరికి తోలుకపోయింది. ఈ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు మొత్తం రాస్తున్న ఎందుకంటే ఐదు నెలల కింద ఎవరన్న ఇవి అడిగితే బాగుండు. ఉబ్బరం రోజూ ఉంటదా, వచ్చిపోతదా, లేకపోతే ఒకసారి ఉబ్బినంక దిగకుండ అట్లనే ఉంటున్నదా? నాలుగు ముద్దలు తినంగనే కడుపు నిండినట్టు అయితదా? పొత్తికడుపుల నొప్పి ఉందా? ఒంటేలు మాటిమాటికి వస్తున్నదా? బరువు ఊరికే తగ్గినవా? నెలసరి ఆగినంక మళ్ల ఎప్పుడన్న రక్తం కనబడ్డదా? మీ అమ్మకు, చెల్లెళ్లకు, మేనత్తలకు రొమ్ముదో అండాశయందో క్యాన్సర్ ఉండెనా?

నాకు చేతులు చల్లబడ్డయి. ఆమె మెల్లగ చెప్పింది, అండాశయం క్యాన్సర్ మొదట్ల పెద్దగ నొప్పి లేకుండ ఇట్ల ఉబ్బరం లెక్కనే కనబడొచ్చు, ఆడోళ్లు గ్యాస్ అనుకొని నెలలు గడిపేస్తరు, అందుకే యాభై దగ్గర పడ్డ మనిషి కొత్తగ కడుపుబ్బరం అంటే ఒకసారి చూడకుండ పంపను అన్నది. స్కాన్, ఆ క్యాన్సర్ జాడ చూసే సీఏ 125 రక్తపరీక్ష, థైరాయిడ్, రక్తం శాతం రాసింది. స్కాన్ కోసం లీటరు నీళ్లు తాగి బెంచి మీద కూర్చున్న ఆ గంటసేపు నా బిడ్డ పెండ్లి వరకు ఆలోచనలన్ని తిరిగొచ్చినయి.

అన్ని మంచిగనే వచ్చినయి. సీఏ 125 ముప్పై అయిదు లోపు ఉండాలె, నాది 14. అయితే ఆ పరీక్ష ఒక్కదాన్ని నమ్ముకోవద్దట, గర్భసంచిల గడ్డలున్నా అది పెరగొచ్చు, స్కాన్‌తో కలిపి చూడాలె.

మరి ఉబ్బరం ఎందుకు అని అడిగిన. పేగులకు కూడా ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్లు తగిలే చోట్లు ఉంటయట, ఈ వయసుల అవి ఎక్కువతక్కువై ఆఖరికి పడిపోతే పేగు నడక మారుతది, చాలామందికి మందగిస్తది, తిన్నది లోపల ఎక్కువసేపు ఉంటే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇంకా పులియబెడతయి, గ్యాస్ పెరుగుతది. దానికితోడు పేగు నరాలు సున్నితం అయితయి, ఇదివరకు తెలియని గ్యాస్ ఇప్పుడు నొప్పిగ తెలుస్తది. హార్మోన్ గోళీలు వేసుకుంటే పోతదా అన్న, ఒక్క ఉబ్బరం కోసమని అవి ఇయ్యం, కొందరికి వాటితోనే ఉబ్బరం వస్తది అన్నది.

నా టేపు సంగతి చెప్తే ఆమె రిజిస్టరు తీసుకొని చూసింది. పొద్దటి కొలత కొవ్వుదమ్మా, రాత్రికి పెరిగే తేడా ఉబ్బరానిది, రెండు వేరువేరు పనులు, నువ్వు తేడా మీద పనిచెయ్యి అన్నది. ఈ ఒక్క మాటతో నా సగం బరువు దిగింది.

గోళీల సంచి చూపిస్తే రెండు మార్పులు చేసింది. ఎముకలకని వాడుతున్న కాల్షియం కార్బొనేట్ మలబద్ధకం, గ్యాస్ చేస్తది, దాని బదులు కాల్షియం సిట్రేట్ రాసింది. గ్యాస్ గోళీ, అంటే పాంటప్రజోల్, కడుపుల ఆసిడ్ తగ్గిస్తది తప్ప పేగుల గ్యాస్‌ను కాదట. ఒక్కసారి ఆపితే మంట ఎదురుతిరుగుతది కాబట్టి రెండు వారాలు దినం విడిచి దినం వేసుకొని ఆపమన్నది.

జూన్ 29, ఆదివారం

రెండు వారాలు తిండి ఏం మార్చలేదు, ఉత్తగ రాసిన. ఇది మస్తు కష్టం, చేతులు ఊరుకోవు, ఓమ నీళ్లు తాగాలనిపిస్తది. తేడా సగటు 7. రిజిస్టరు చదువుకుంటే రెండు సంగతులు కనబడ్డయి. మోషన్ కాని రోజు, దాని మర్నాడు తేడా తొమ్మిదికి పోతుంది. ఇంకోటి, ఫీజులు కట్టే రద్దీ రోజుల్లో నేను ఎనిమిది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేస్తున్న, చాయ్ ఐదుసార్లు తాగుతున్న.

ముందు మోషన్ పని పట్టుకుంట.

జూలై 6

మోషన్ కోసమని తెచ్చుకున్న ఇసబ్‌గోల్ పీచుతో దెబ్బతిన్న. మొదటిరోజే రెండు పెద్ద చెంచాలు వేసుకున్న, మూడు రోజులు తేడా 10, కడుపు బండరాయి. పీచు ఒకేసారి పెంచితే గ్యాస్ పెరుగుతది, నీళ్లు చాలకపోతే ఇంకింత గట్టిపడతది. ఆపేసి అర చెంచాతో మళ్ల మొదలుపెట్టిన, రాత్రి పెద్ద గ్లాసు నీళ్లతో, నాలుగు రోజులకోసారి కొద్దికొద్దిగ పెంచుకుంట.

పనిచేసింది మాత్రం ఇంకో రెండు. ఒకటి, కమోడ్ ముందు చిన్న పీట వేసి కాళ్లు దానిమీద పెట్టుకునుడు, మోకాళ్లు నడుము కంటే పైకి లేస్తే పేగు వంపు సరళమై ముక్కాల్సిన పని ఉండదు. మా అమ్మ ఇంట్ల కింద కూర్చునే బాత్రూం ఉన్నప్పుడు ఈ గోసే లేకుండె. రెండోది, పొద్దున టిఫిన్ అయినంక ఇరవై నిమిషాలు ఖాళీ పెట్టుకునుడు. తిన్నంక పెద్దపేగు తనంతట తాను కదులుతది, ఆ పిలుపు వచ్చేటప్పటికి నేను బస్‌స్టాపుల ఉంటున్న, ఆపుకుంటున్న, అట్ల ఏండ్లు ఆపుకున్న. ఇప్పుడు అరగంట ముందు లేస్తున్న.

జూలై 13, బోనాలు

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలు, అమ్మోళ్లింట్ల అందరం. మటన్, బగారన్నం, గారెలు, ఉల్లిగడ్డ పెరుగు పచ్చడి. తిన్న, మంచిగ తిన్న. రాత్రి కొలత 101. పొద్దటిది 91, అంటే పది. ఉంగరం కూడా వేలికి బిగుసుకుంది, అది ఉప్పు పని అని అర్థమైంది, ఒంటికి నీరు పట్టింది. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటరు, ఆరోజు తొక్కు, అప్పడాలు కలిపి నేను ఎంత తిన్ననో. పండుగనాడు ఇట్ల అయితది, రాసుకున్న, బాధపడలేదు.

జూలై 20

లంచ్ ఇరవై నిమిషాలు. దీనికోసం ప్రిన్సిపాల్ మేడంతో మాట్లాడి కౌంటర్ అరగంట మూసే బోర్డు పెట్టించిన. తొందరగ మింగితే అన్నంతోపాటు గాలి కూడా పోతది, నములుతుంటే అన్నం రుచి కూడా వేరేగ ఉంది.

రాత్రన్నం ఎనిమిదింటికల్ల, ఆ తర్వాత పదిహేను నిమిషాల నడక, మా గల్లీలనే గుడిదాక పోయి వచ్చుడు, ఆదివారం అయితే సఫిల్‌గూడ చెరువు కట్ట. మా ఆయన కూడా వస్తున్నడు, ఆయనకు షుగర్ కదా. పొట్టమీద బొందు పడకుండ లంగాకు వెడల్పు పట్టీ వేసి కుట్టుకున్న, ముడి పక్కకు వచ్చేటట్టు. గీత పడుడు ఆగింది. ఇది చీరకట్టుకునే ఎవరికైనా కుట్టిస్త.

తేడా సగటు 5.5.

జూలై 21 నుంచి ఆగస్టు 3

ఇగ ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. ఈ భాగం గురించే నేను ఎక్కువ రాయాల్సింది ఉంది.

ఆస్ట్రేలియాల మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన పద్ధతి, లో ఫాడ్‌మ్యాప్ అంటరు. కొన్ని రకాల చక్కెరలు చిన్నపేగుల సరిగ్గ ఇంకవు, నీళ్లను లాక్కుంటయి, అట్లనే పెద్దపేగుకు పోతే అక్కడ పులిసి గ్యాస్ అయితయి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు, మామిడిపండు, పుచ్చకాయ, గోబీ ఆ జాబితాల ఉంటయి. బియ్యం, జొన్న, టమాట, క్యారెట్, వంకాయ, ఆలుగడ్డ, గుడ్డు, చేప, మాంసం ఇబ్బంది పెట్టవు. రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే ఆపాలె, తర్వాత ఒక్కొక్కటి తిరిగి తెచ్చుకోవాలె. మళ్ల తెచ్చుకునుడే అసలు పరీక్ష. మా పెద్ద వదిన ఎవరో చెప్పిండ్రని పెరుగు, పప్పు, గోధుమ అన్ని ఒకేసారి ఆపేసి రెండేండ్లయింది, జుట్టు ఊడి, మోకాళ్ల నొప్పులతోని నీరసపడి కూర్చుంది, ఈ వయసుల ప్రొటీన్, కాల్షియం లేకుండ ఎట్ల నడుస్తది. నేను డాక్టరమ్మను అడిగే రెండు వారాలు పెట్టుకున్న.

మనింట్ల ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేకుండ కూర అంటే మాటలు కాదు. అత్తమ్మ మొదటిరోజు గిన్నె మూత తీసి "ఉల్లిగడ్డ లేదేందే, ఇంట్ల ఎవరికన్న నోములా?" అని అడిగింది. కూర్చోబెట్టి రిజిస్టరు చూపించిన, అంకెలన్ని చదివి చెప్పిన. చాలాసేపు ఏమనలేదు. తర్వాత "నాకు కూడా ఈడు దాటేటప్పుడు గట్లనే ఉండె బిడ్డా, పొయ్యికాడ కూసొని కడుపు ఒత్తుకునేదాన్ని, ఎవరికి చెప్పుకునుడు" అన్నది. మా పెండ్లయి ఇరవై ఆరేండ్లు, ఆమె ఈ మాట ఎన్నడు నాతో అనలేదు. మర్నాటి నుంచి తాలింపు ఆమే చూసుకుంటుంది.

చేసిన ఉపాయాలు ఇవి. ఎల్లిగడ్డల ఉన్న ఆ చక్కెర నీళ్లల కరుగుతది గని నూనెల కరగదు. కాబట్టి ఎల్లిపాయ రెబ్బలు దంచకుండ నూనెల ఎర్రగ వేయించి, రెబ్బలు తీసి అత్తమ్మ పల్లెంల వేసి, ఆ నూనెతోనే తాలింపు. వాసన అంతా ఉంటది, కడుపుకు ఏం కాదు. రోజుకారోజు కొద్దిగనే చేసుకోవాలె, నిలవ పెట్టొద్దు. ఉల్లిగడ్డ బదులు ఉల్లికాడల పచ్చటి భాగం, తెల్లటి గడ్డవైపు తీసేసి. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ లేకుండ జీలకర్ర, కొత్తిమీర, కాల్చిన పచ్చిమిర్చి దంచి వేస్తే నాకు బాగనే అనిపించింది, మావాళ్లకు ఉల్లిముక్కలు పక్కన గిన్నెల.

ఇంగువ డబ్బా మీద చిన్నక్షరాలు చదివితే అందులో గోధుమపిండి కలిపి ఉంది. గ్యాస్ పోవాలని చిటికెలకొద్ది వేసుకుంటున్నది అదే. చిటికెడు పిండితో పెద్దగ ఏం కాకపోవచ్చు గని పరీక్ష పరీక్షలాగ ఉండాలె అని బేగంబజార్ పోయి ముద్ద ఇంగువ తెచ్చుకున్న. ఖరీదు ఎక్కువే, గోధుమగింజంత చాలు.

సాయంత్రం జొన్నరొట్టె. చాయ్ రోజుకు ఒక్కటే, అల్లం వేసిన నల్ల చాయ్. పదిరోజులకే తేడా 4, ఆగస్టు 2 నాడు 3.5. ఆరోజు మూడింటికి నా చెయ్యి కౌంటర్ కిందికి పోలేదు, ఇంటికొచ్చినంకనే ఆ సంగతి గుర్తొచ్చింది.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

శ్రావణమాసం అంటే వాయనం శనగలు, ఆరిండ్లకు పోతే ఆరు పొట్లాలు. పోయినేడు గుప్పిళ్లు గుప్పిళ్లు తిని రాత్రంత కూర్చున్న. ఈసారి శనగలతోనే పరీక్ష పెట్టుకున్న. వచ్చినవన్ని కలిపి ఇంకో పన్నెండు గంటలు నానబెట్టి, రెండుసార్లు నీళ్లు పారబోసి, కొత్త నీళ్లల మెత్తగ ఉడికించి ఆ నీళ్లు కూడా వంపేసిన. ఇబ్బంది పెట్టే చక్కెర చాలావరకు ఆ నీళ్లతోనే పోతది. అల్లం, ముద్ద ఇంగువ, కరివేపాకుతోని గుగ్గిళ్లు, నాకు రెండు గరిటెలు. తేడా 5. పోయినేటి రాత్రి గుర్తుచేసుకుంటే ఇది మస్తు నయం. కందిపప్పు, పెసరపప్పు కూడా ఇప్పుడు ఇట్లనే నానబెట్టి వండుతున్న, పెసరపప్పు అయితే తేలిగ్గ పోతుంది.

ఆగస్టు 20

ఆపినవాటిని ఒక్కొక్కటి తిరిగి తెచ్చుకున్న, తక్కువ నుంచి ఎక్కువకు, మధ్యల ఖాళీ ఇచ్చుకుంట. పెరుగు: ఏం కాలేదు, రోజూ తింటున్న. పాల చాయ్: రెండు కప్పులదాక సరే, నాలుగోదానికి తేడా 7. గోధుమ రొట్టెలు: రెండు సరే, నాలుగు వద్దు. ఎల్లిగడ్డ కూరల ఒక రెబ్బ పర్వాలేదు. ఉల్లిగడ్డ ఉడికింది పావు ముక్కదాక ఓకే, పచ్చిది తింటే మాత్రం గంటన్నరల డోలు. అంటే నా శత్రువు పాలు కాదు, గోధుమ కాదు, పచ్చి ఉల్లిగడ్డ, ఇంక మితం దాటిన చాయ్. ఇంకొకరికి వేరే ఉంటయి, నా జాబితా చూసి ఎవరు ఆపొద్దు.

ఆగస్టు 31

ఈ వారం లెక్క తప్పింది. తిండి అదే, నూనె అదే, తేడా 8. నిద్ర గడి చూస్తే నాలుగు, మూడున్నర, నాలుగు గంటలు. రాత్రి ఒంట్లోంచి వేడి ఆవిర్లు, చెమట, లేచి ఫ్యాను కింద కూర్చునుడు, ఆపైన అత్తమ్మకు జ్వరం, వినాయక చవితి పనులు. నిద్ర లేకపోతే, దిగులుంటే పేగు బిగుసుకుంటది అని చదివిన గని అంకెల్లో చూసేదాక నాకు నమ్మకం కుదరలేదు. రాత్రి మంచంమీద పడుకొని బొడ్డు మీద చెయ్యి పెట్టుకొని, కడుపు లేచేటట్టు లోపలికి, మెల్లగ బయటికి, పది నిమిషాలు ఊపిరి. శుక్రవారం ఆరు గంటలు పడుకున్న, తేడా 5.

పుదీనా గురించి ఒకటి రాయాలె. పుదీనా నీళ్లతో పేగు నొప్పి సడలింది గని ఛాతిల మంట లేచింది, అన్నవాహిక చివర బిగువు కూడా సడలుతదట. సోంపు, జీలకర్ర నీళ్లతో నాకా ఇబ్బంది లేదు. సోడా పొడి ప్యాకెట్లు ఇంట్లకు తెచ్చుడు బంద్ చేసిన, వాటిల సోడియం ఎక్కువ, మా ఆయనకు బీపీ కూడా ఉంది.

సెప్టెంబర్ 14

పొద్దున 90, రాత్రి 93.5. మోషన్ రోజూ. పొద్దటి కొలత ఒక సెంటీమీటరే దిగింది, దాని పని నడకది, కండరాలది, అది వేరే రిజిస్టరు.

స్కూల్ల మా ప్రైమరీ టీచరమ్మ ఒకామె, 52 ఏండ్లు, నా వెడల్పు పట్టీ లంగా చూసి నాకు కూడా కుట్టియ్యక్కా, ఈమధ్య కడుపు మస్తు ఉబ్బుతుంది అన్నది. కొలత తీసుకునేటప్పుడు నా తీరే చెప్పిన, పొద్దున, రాత్రి వారం రోజులు రాయి, తర్వాత తిండి చూద్దాం అని. నిన్న కాగితం తెచ్చిచ్చింది. పొద్దున 96, రాత్రి 97. పొద్దున 96.5, రాత్రి 97. ఏడు రోజులు అట్లనే, పొద్దటికి దిగుతనే లేదు, వారంల ఒక సెంటీమీటరు పెరిగింది. అన్నం సగం తినంగనే చాలనిపిస్తుంది అన్నది, అది కూడా నవ్వుకుంట చెప్పింది, బరువు తగ్గుతున్న కదా అని.

ఉల్లిగడ్డ మాట నేను ఎత్తనే లేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి గురువారం పొద్దున పదకొండింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్న. కౌంటర్ అర్ధపూట మూసి నేనే తోలుకపోతున్న, ఆమె కాగితం రిజిస్టరుల పెట్టుకున్న.